వెయిటింగ్ కి ఒక స్టార్ తీసేసిన, మిగతా నాలుగు మనస్ఫూర్తిగ

మాది చండూరు దిక్కు, నాయినకు హార్ట్ ఎటాక్ వస్తే హైదరాబాద్ ల స్టెంట్ వేసిన్రు, ప్రతిసారి అంత దూరం తీస్కపోలేక ఐదు నెలల సంది నల్లగొండల ఈ గుండె క్లినిక్ లనే చూపిస్తున్నం. నాలుగు సార్లు పోయొచ్చినం కాబట్టి ఇప్పుడు రాస్తున్న.

ముందు బాగలేనిది చెప్త. టోకెన్ పొద్దున 9 కి ఇస్తరు, డాక్టర్ మేడం కూసునేది 11 దాటినంక, మా నంబర్ వచ్చేసరికి ఒకసారి ఒంటి గంటన్నర అయింది. కుర్చీలు సాలవు, గుండె పేషెంట్లు మెట్ల మీద కూసునుడు చూస్తే పానం ఉసూరుమంటది. ఫోన్ చేస్తే ఎత్తరు. ఇది మార్చాలె, నిజంగ మార్చాలె.

ఇగ అసలు సంగతి. నాయినకు దవడ పన్ను కింద చీము పట్టి మొఖం అంత ఉబ్బింది. పన్ను పీకాలంటే రక్తం ఆగదు, గుండె గోలీలు రెండూ వారం బంద్ పెట్టుమని వేరే ఒక దగ్గర చెప్పిన్రు, గుండె డాక్టర్ ని అడగమని గూడ అనలే. మా నాయిన అసలే "పైపు సాఫ్ జేసి స్టెంట్ ఏసిన్రు గదరా, ఇంక ఈ గోలీలు ఎందుకు" అనే మనిషి, ఆ మాట దొరకంగనే ఒక రోజు మానేసిండు గూడ. నాకు తెలిసి గుండె ఝల్లుమంది, తెల్లారే తీస్కొచ్చిన.

మేడం కోప్పడలే. నాయినది బత్తాయి తోట, ఆయన లెక్కల రక్తనాళం అంటే డ్రిప్పు పైపు, ఉప్పు పేరుకుంటే యాసిడ్ పోసి కడిగినట్టు గుండెది గూడ కడిగేసిన్రు, అయిపోయింది అని. మేడం ప్రిస్క్రిప్షన్ తిరగేసి పెన్నుతోని నాళం బొమ్మ గీసిన్రు, గీసి కొవ్వు పైపు లోపల కాదు పెద్దాయనా, పైపు గోడల ఉంటది అన్నరు. చెడ్డ కొలెస్ట్రాల్ గోడల దూరి పాడైతే, గోడ మీది కణాలు అంటుకునే ప్రోటీన్లు బయట పెడ్తయంట, వాటికి తెల్లకణాలు పట్టుకొని లోపలికి పోయి ఆ కొవ్వును తిని నురగ లెక్క ఉబ్బుతయంట, ఉబ్బి ఊకోవు, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అనే సిగ్నల్ ప్రోటీన్లు ఒదిలి ఇంకిన్నిటిని పిలుస్తయంట. అంటే అది మురికి కాదు, వాపు. నాయిన జెరసేపు బొమ్మ దిక్కే చూసి "అంటే మన చెట్లకొచ్చే బంక తెగులు లెక్క, బెరడు లోపల కుళ్లి పగిలినంక బంక కారుతది" అన్నడు. మేడం గదే అన్నరు. ఐదు నెలలల నేను చెప్పలేకపోయింది ఆయనకాయననే పట్టుకున్నడు.

తర్వాత ప్లేట్‌లెట్ల గురించి చెప్పిన్రు, నాకు గూడ ఇది కొత్తనే. డెంగీ వస్తే కౌంట్ పడిపోయిందని భయపడ్తం గద, అవే. రక్తం గడ్డ కట్టుడే వాటి పని అనుకున్న, కానీ అవి వాపును గూడ నడిపిస్తయంట. రెచ్చిపోయిన ప్లేట్‌లెట్ తన ఒంటి మీద పి-సెలెక్టిన్ అనే ప్రోటీన్ బయటికి తెచ్చి తెల్లకణాన్ని పట్టుకుంటది, నాళం గోడ మీద ఇంకో రకం సిగ్నల్ ప్రోటీన్లు ఒదిలిపెట్టి పోతది, వాటిని చూసి మళ్లా తెల్లకణాలొస్తయి. వాపు ప్లేట్‌లెట్లను రెచ్చగొడ్తది, ప్లేట్‌లెట్లు వాపును పెంచుతయి. ఆ కొవ్వు మీది పొర పగిల్తే మాత్రం నిమిషాలల్ల గడ్డ కడ్తది, ఎటాక్ అంటే అదే.

నాయిన గోలీలు ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ పక్కదాన్ని పిలిచే థ్రాంబాక్సేన్ ని సచ్చేదాక తయారు జేయలేదు, రెండో గోలీ ఏడీపీ అనే ఇంకో పిలుపు ఇనపడకుండ జేస్తది. కానీ ప్లేట్‌లెట్ బతికేదే 7 నుంచి 10 రోజులు, రోజూ కొత్తవి పుడ్తనే ఉంటయి, అందుకే గోలీ రోజూ. ఎటాక్ తర్వాత మామూలుగ ఏడాది దాక రెండూ వాడాలె, మధ్యల సొంతంగ ఆపితే స్టెంట్ లనే గడ్డ కట్టొచ్చు అని గట్టిగ చెప్పిన్రు. పళ్ల డాక్టర్ కి చీటీ రాసిచ్చిన్రు, గోలీలు నడుస్తుండంగనే పన్ను పీకిన్రు, ఒక కుట్టేసి దూది అదిమి పెట్టిన్రు, రక్తం జెర ఎక్కువసేపు కారింది గానీ ఆగింది.

హెచ్ఎస్-సీఆర్పీ టెస్ట్ సంగతి గూడ చెప్పాలె. ఇంటర్‌ల్యూకిన్-6 పోయి లివర్ కి చెప్తే లివర్ తయారు జేసే ప్రోటీన్ అది, లోపల వాపు ఎంతున్నదో దాంతోని అంచనా కడ్తరు. 1 లోపు తక్కువ రిస్క్, 3 దాటితే ఎక్కువ. పన్ను వాపప్పుడు నాయినకు 11.6 వచ్చింది, నాకు చెమటలు పట్టినయి. 10 దాటిందంటే ముందు వేరే ఇన్ఫెక్షన్ కోసం చూడాలె, ఇది పన్నుది, దీన్ని గుండెకు లెక్క కట్టొద్దు అన్నరు మేడం. పన్ను తీసి నాలుగు వారాలైనంక మళ్లా చేయిస్తే 2.4. జ్వరం, చీము, కీళ్ల వాపు ఉన్నప్పుడు ఈ టెస్ట్ చేయించి పరేషాన్ గాకుండ్రి.

వాపుకే సూది మందు ఉన్నదట గదా అని నేనడిగితే దానికి గూడ ఓపిగ్గ చెప్పిన్రు. 2017 ల పదివేల మందికి పైగ పేషెంట్ల మీద కెనకినుమాబ్ అనే సూది మందు వాడి చూసిన్రంట, కొలెస్ట్రాల్ తగ్గకున్నా ఒక్క ఇంటర్‌ల్యూకిన్-1 ని ఆపితేనే ఎటాక్ లసొంటివి 15 శాతం తగ్గినయి, కానీ ప్రాణాలు తీసే ఇన్ఫెక్షన్లు పెరిగినయి, గుండెకు దాన్ని వాడ్తలేరు. గౌట్ అనే కీళ్ల వాపు రోగానికి ఇచ్చే పాత గోలీ కాల్చిసిన్ ని 0.5 మిల్లీగ్రాముల డోసుల 2023 ల అమెరికాల గుండెకు ఒప్పుకున్నరు, నాయినకు కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ జెర ఎక్కువున్నది కాబట్టి ఇప్పుడే వద్దన్నరు. అవసరం లేని మందు రాయకపోవుడు నాకు అన్నిటికంటే నచ్చింది.

పోయేటోళ్లు పాత యాంజియోగ్రామ్ సీడీ, డిశ్చార్జ్ పేపర్ తీస్కపోండ్రి, మేడం చూస్తరు. వాటర్ బాటిల్, ఏమన్న తినేది గూడ పట్కపోండ్రి. ఆ బొమ్మ గీసిన చీటీ మా ఇంట్ల గోలీల డబ్బా మూతకు అంటించుకున్నడు నాయిన, తోట కాడికి వచ్చినోళ్లకు బంక తెగులు చెట్టు చూపించి మరీ చెప్తున్నడు.