కర్నూలులో గుండె ఎమ్మారై: చీటీలో ‘ఫ్లో’ అని ఉందో లేదో చూసుకోండి

మా నాయనకు గుండెలో అయోర్టిక్ వాల్వ్ (గుండె నుంచి ఒంటికి రక్తం పోయే పెద్ద ధమని మొదట్లో ఉండే కవాటం) లీకవుతోంది. ఒక ఎకోలో ‘మోడరేట్’ అని, ఇంకో ఎకోలో ‘సివియర్’ అని వచ్చింది. ఏది నమ్మాలో తెలియక ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. డాక్టరుగారు గుండెకు ఎమ్మారై రాసి, కింద ‘ఫ్లో కూడా’ అని కలిపారు, అంటే రక్తం ఎంత ముందుకు పోతోందో, ఎంత వెనక్కి వస్తోందో కొలవమని. డోన్ నుంచి కర్నూలుకు తీసుకెళ్లాం. సెంటర్ పేరు రాయడం లేదు గానీ, అక్కడి టెక్నీషియన్ పనితనం గురించి చెప్పి తీరాలి.

ముందు ఫిర్యాదు. కౌంటర్‌లో మామూలు గుండె ఎమ్మారైకే బిల్లు వేశారు. చీటీ చూపించి గట్టిగా అడిగితే గానీ ఫ్లో కలపలేదు. ఊరుకుని ఉంటే మేం వెళ్లిన పనే అయ్యేది కాదు.

లోపల మాత్రం వేరే లోకం. నాయన ఛాతీకి ఈసీజీ పట్టీలు అంటించి, మొలతాడుకున్న వెండి బిళ్ల తీయించి, ఊపిరి ఎట్లా ఆపాలో బయటే నేర్పించాడా అబ్బాయి. ఆ తర్వాత మైకులో, “గాలి వదులు పెద్దాయనా, అట్లే ఆపు... ఇంక పీల్చుకో” అని ప్రతిసారీ అంతే నిదానంగా చెప్పాడు. చెవులు సరిగా వినపడని మనిషి ఒక్కసారి కూడా తడబడలేదు.

ఫ్లో తీసేటప్పుడు నన్ను అద్దం ఇవతల నిలబడి చూడనిచ్చాడు. కదిలే రక్తం నుంచి వచ్చే సిగ్నల్‌లో ఫేజ్ (అల ఏ దశలో ఉందన్న లెక్క) మారుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ మార్పూ పెరుగుతుంది. తెర మీద ఆ పెద్ద ధమని అడ్డుకోత గుండ్రంగా తెల్లగా ఉంది, నడిమధ్య మాత్రం నల్లటి మచ్చ. వేగం హద్దు సెకనుకు 150 సెంటీమీటర్లకు పెట్టాడట. రక్తం అంతకంటే జోరుగా పోతుంటే మిషన్ దాన్ని ఎదురు దిశగా లెక్కేస్తుంది. హద్దు 200కు పెంచి మళ్లీ తీశాడు, మచ్చ పోయింది. మొదటే బాగా పెంచి పెట్టొచ్చు కదా అంటే, అప్పుడు నెమ్మదిగా పోయే రక్తం లెక్క మసకబారుతుందన్నాడు. తొలి బొమ్మతోనే సరిపెట్టి పంపేసినా మాకు తెలిసేది కాదు. అందుకే ఆ అబ్బాయంటే నాకు గౌరవం.

ఫ్లో కొలవడానికి ఇంజెక్షన్ మందు అక్కర్లేదు, ఎక్స్‌రే కిరణాలూ ఉండవు. గుండె కండరం మీద మచ్చలు చూడ్డానికి మాత్రం మందు ఎక్కించారు, దానికి ముందే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు అడిగారు. మొత్తం గంట దాకా పట్టింది.

రిపోర్టు సాయంత్రానికి ఇస్తామని మర్నాడిచ్చారు. కానీ అందులో లెక్క సూటిగా ఉంది: ఒక్కో కొట్టుకు 96 మిల్లీలీటర్లు ముందుకు, 31 వెనక్కి, అంటే 32 శాతం లీకు. ఆ అంకె, గుండె గది సైజు, ఆయాసం లేకపోవడం అన్నీ చూసి డాక్టరుగారు ఇప్పుడే ఆపరేషన్ వద్దన్నారు, ఏడాదికి మళ్లీ తీయమన్నారు.

వెళ్లేవాళ్లు ఫోన్‌లోనే ‘ఫ్లో కొలుస్తారా’ అని అడగండి. పేస్‌మేకర్ ఉంటే అప్పుడే చెప్పండి. సీడీ అడిగి తీసుకోండి, వచ్చేసారి ధమనిలో అదే చోట కొలిచి పోల్చడానికి అది కావాలి.