ఆరేళ్లు, 34,000 మైళ్లు: పాత మియాటాకి వేసిన పసుపు కోనీ షాక్స్

మా మాజ్దా మియాటా 2001 మోడల్. 2018లో నేను కొనేటప్పటికే 96,000 మైళ్లు తిరిగింది. అందులో ఎక్కువ భాగం ఒహాయోలో, చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లే చోట. ఇప్పుడు మేం ఉండేది నార్త్ కరోలినాలో, షార్లెట్ దగ్గర. 2019 జూన్‌లో మా గరాజ్‌లోనే నాలుగు షాక్ అబ్జార్బర్లూ తీసి కోనీ స్పోర్ట్ వేశాను. మియాటా ఉన్నవాళ్లు ‘పసుపు కోనీ’ అనేవి ఇవే. ఆరేళ్లు వాడాక రాస్తున్నాను, ఎందుకంటే వేసిన వారం రోజులకి ఏ షాక్ అయినా బాగానే ఉంటుంది.

కొన్న ఏడాది వరకూ ఈ కారు ఇంతే అనుకున్నాను. బ్రిడ్జి మీద అతుకు వచ్చినప్పుడల్లా కింద నుంచి ఠప్పుమని దెబ్బ, వెన్నుపూసకి తగిలేది. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కదా, గట్టిగానే ఉంటుందిలే అని సర్దుకుపోయాను. 2019 వేసవిలో మా నాన్న వచ్చారు. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లు లారీల మధ్యే బతికిన మనిషి. పక్క సీట్లో కూర్చుని రెండు మైళ్లు వెళ్లామో లేదో, “ఒరే, దీని షాకబ్జార్బర్లు పోయాయిరా” అన్నారు. గట్టిగా ఉంది కదా నాన్నా, పోతే మెత్తగా ఉండాలిగా అన్నాను. “గట్టిగా ఉంది అంటున్నావే, అది స్ప్రింగ్ కాదు. ఊపు ఆపేది లేక ఊగి ఊగి అడుగు తగులుతోంది.”

ఆ ఒక్క మాట నాకు అప్పటిదాకా తట్టలేదు. బరువు మోసేది స్ప్రింగే. షాక్ పని ఆ స్ప్రింగ్ ఊగకుండా పట్టుకోవడం. లోపలి నూనె సన్నని వాల్వుల గుండా దూరి వెళ్లేటప్పుడు ఊపు వేడిగా మారిపోతుంది. వాల్వులు అరిగి నూనె కారిపోతే చిన్న గుంతకే చక్రం పైదాకా లేచి బంప్ స్టాప్‌కి, అంటే కదలిక చివర అడ్డుండే నురుగు ముక్కకి, తగులుతుంది. నేను ‘స్పోర్టీ’ అనుకున్న ఆ దెబ్బ అదే. బానెట్ మూల నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో చూడమంటారు గానీ, నా కారు ఆ పరీక్షలో ఒక్క ఊపుకే ఆగిపోయింది. దాన్ని నమ్ముకోకండి. టైరు మీద చెయ్యి పెట్టి చుట్టూ తడమండి. అలలు అలలుగా ఎత్తుపల్లాలు తగిలితే చక్రం రోడ్డు మీద గంతులేస్తోందని అనుమానించాలి. నా వెనక టైర్లు రెండూ అలాగే ఉన్నాయి.

ఇంకో మాట. ‘స్ట్రట్స్ మార్చాను’ అని చాలామంది అంటారు, కానీ మియాటాకి స్ట్రట్స్ లేవు. నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి ఆర్మ్‌లు పట్టుకుని ఉంటాయి. స్ప్రింగ్ షాక్ చుట్టూనే ఉంటుంది కాబట్టి చూపుకి స్ట్రట్ లాగే ఉంటుంది. మెక్‌ఫర్సన్ స్ట్రట్ అయితే చక్రాన్ని నిలబెట్టేది కూడా అదే, దాన్ని కదిపితే చక్రం వాలు మారిపోతుంది. ఇక్కడ ఆ పని ఆర్మ్‌లది. ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లకి ఇది పెద్ద వెసులుబాటు.

ఒక బోల్టు కోసం ఆగిన రోజులు తీసేస్తే పని రెండు రోజులు పట్టింది. శనివారం ముందు వైపు, ఆదివారం వెనక వైపు. కారుని జాకీ స్టాండ్ల మీద పెట్టాం, ఒక్క జాకీని నమ్ముకుని కింద చెయ్యి పెట్టలేదు. ముందు వైపు పై నట్లు బానెట్ ఎత్తగానే కనిపిస్తాయి, 14 నంబరు పానా చాలు. వెనకవి డిక్కీలో లైనింగ్ తీస్తే వస్తాయి. ఎడమ పక్క పెట్రోల్ గొట్టం అడ్డం వస్తుంది, కొంచెం ఓపిక కావాలి.

అసలు టెన్షన్ తుప్పుతోనే. వెనక కింది ఆర్మ్‌ని చక్రానికి కలిపే పొడవాటి బోల్టు లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుపోయింది. మూడు రోజుల ముందు నుంచే రోజూ సాయంత్రం తుప్పు వదిలే నూనె కొడుతూ వచ్చాను, అయినా కదల్లేదు. కుడి వైపుది నాన్న వదిలించారు. పానాకి పొడవాటి ఇనప పైపు తొడిగి, విప్పడం కాదు, ముందు కొంచెం బిగించారు. కిర్రుమంది. తర్వాత విప్పారు. మళ్లీ బిగించారు, మళ్లీ విప్పారు. అలా ముందుకీ వెనక్కీ ఇరవై నిమిషాలు. బోల్టు బయటికొచ్చినప్పుడు దాని ఒంటి మీద ఎర్రటి తుప్పు పొడి మెహందీ ముద్దలా ఉంది. ఎడమ వైపుది లొంగలేదు, కోసి తీయాల్సి వచ్చింది. కొత్త బోల్టు, అది దూరే రబ్బరు బుష్ వచ్చేదాకా నాలుగు రోజులు కారు స్టాండ్ల మీదే ఉంది. మీ కారు మంచు కురిసే రాష్ట్రాల్లో తిరిగిందైతే ఈ రెండు బోల్టులూ ముందే తెప్పించి పెట్టుకోండి.

స్ప్రింగ్ నొక్కే పనిముట్టు ఆటోజోన్‌లో డిపాజిట్ కట్టి తెచ్చుకున్నాను, వాపసు ఇవ్వగానే డబ్బు మొత్తం తిరిగి ఇచ్చారు. రెండు కొక్కేలూ ఎదురెదురుగా ఉండాలి, రెండు వైపులా కొద్దికొద్దిగా సమానంగా బిగించాలి. మూడో స్ప్రింగ్‌కి ఒక కొక్కెం చుట్టు మీద వేలెడంత జారింది. చిన్న టక్ శబ్దమే. కానీ ఆ స్ప్రింగ్‌లో ఎంత బలం దాక్కుని ఉందో ఆ శబ్దంలో తెలిసింది. మొత్తం వదులు చేసి మళ్లీ మొదటి నుంచి పెట్టాను. స్ప్రింగ్ మూతి ఎప్పుడూ మనిషి వైపు ఉండకూడదు.

విప్పేముందు షాక్ పై టోపీ మీద, కింద బోల్టు దూరే కన్ను మీద తెల్ల పెయింట్‌తో గీత పెట్టుకోవాలి. ఆ రెండింటి మధ్య కోణం సరిగ్గా లేకపోతే తిరిగి బిగించేటప్పుడు బోల్టు రంధ్రాలు కలవవు. పాత షాక్ చేతికి రాగానే కడ్డీని లోపలికి నొక్కాను. అడ్డేమీ లేకుండా దిగిపోయింది, అక్కడే ఉండిపోయింది. గ్యాస్ షాక్ అయితే నిదానంగా పైకి రావాలి. ఇక బంప్ స్టాప్ చూస్తే, పాతబడ్డ మరమరాల ఉండలా చేతిలోనే పొడిపొడి అయిపోయింది. కొత్త షాక్ కొని పాత బంప్ స్టాప్ వేసేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఈ చిన్న కారులో సస్పెన్షన్ పైకి కదిలే చోటు తక్కువ. చివరి అంగుళాన్ని కాసేది ఆ నురుగు ముక్కే.

నా తప్పు ఒకటి చెప్పాలి. ముందు వైపు పై ఆర్మ్ పొడవాటి బోల్టు తీసి షాక్ బయటికి లాగాను. తిరిగి పెట్టేటప్పుడు చక్రం గాల్లో వేలాడుతుండగానే పూర్తిగా బిగించేశాను. రబ్బరు బుష్ ఆ వేలాడే భంగిమలోనే బిగుసుకుపోయింది. కారు నేల మీదికి దిగాక బుష్ ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. ముందు భాగం కొంచెం ఎత్తుగా నిలబడింది, స్పీడ్ బ్రేకర్ దగ్గర కీచుమనేది. వారం తర్వాత మళ్లీ విప్పాను. వెనక వైపు అంచు దాకా ఉండే ఎత్తు మొదటే కొలిచి రాసుకున్నాం కాబట్టి అక్కడ ఇబ్బంది రాలేదు. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలవాలి, కారు విప్పకముందే. తర్వాత ఆర్మ్ కింద జాకీ పెట్టి అదే కొలత వచ్చేదాకా ఎత్తి, అప్పుడు బిగించాలి. ఈ రాతలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

అలైన్‌మెంట్‌కి దగ్గర్లోని షాపుకి తీసుకెళ్లాను. ముందు చక్రాల టో, అంటే అవి లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మాత్రం సరిచేసి, వెనక చక్రాల కోణం సర్దే క్యామ్ బోల్టులు తిరగట్లేదని చెప్పకుండానే పూర్తి డబ్బు తీసుకున్నారు. వాళ్లిచ్చిన కొలతల కాగితం మీద వెనక అంకెలు ముందూ తర్వాతా ఒకేలా ఉండటం ఇంటికొచ్చాక చూశాను. ప్రింట్ చేతిలో పెట్టుకుని రెండో షాపులో చేయించుకున్నాను. కాగితం అడిగి తీసుకోండి, అక్కడే చదవండి.

ఇప్పుడు షాక్స్ సంగతి. కోనీ స్పోర్ట్‌లో స్ప్రింగ్ తిరిగి సాగేటప్పటి పట్టు, అంటే రీబౌండ్, మాత్రమే మార్చుకోవచ్చు. కడ్డీ పై చివర తిప్పాలి. నేను నాలుగూ పూర్తి మెత్తదనంలోనే పెట్టాను, ఎందుకంటే స్ప్రింగులు కంపెనీవే. మొదటి రోజు బ్రిడ్జి అతుకు మీద వెళ్లినప్పుడు ఠప్ శబ్దం కోసం ఒళ్లు బిగబట్టుకుని ఉన్నాను. రాలేదు. చక్రం దిగింది, లేచింది, అంతే. కారు మెత్తబడింది! నాన్న ఏమీ అనలేదు, కిటికీ మీద చెయ్యి ఆనించుకుని కూర్చున్నారు.

డీల్స్ గ్యాప్ దగ్గర 11 మైళ్లలో 318 మలుపులున్న టెయిల్ ఆఫ్ ద డ్రాగన్ రోడ్డుకి ఏటా ఒకసారి వెళ్తాం. పాత షాక్స్‌తో అక్కడ మలుపు మధ్యలో చిన్న గతుకు వస్తే వెనక భాగం పక్కకి జరిగేది, స్టీరింగ్ సర్దాల్సి వచ్చేది. ఇప్పుడు తిప్పిన చోటే ఉంటుంది. వేగం పెరిగిందని కాదు, భయం తగ్గింది. మా ఆవిడ ఇంతకుముందు ఆ రోడ్డు మీద కళ్లు మూసుకునేది, ఇప్పుడు కొండలు చూస్తోంది.

ఆరేళ్లలో ఒక్కటీ నూనె కారలేదు. నాలుగో ఏడాది చివర్లో హైవే మీద వెనక భాగం కొంచెం తేలుతున్నట్టు అనిపించి, వెనక రెండూ పావు చుట్టు బిగించాను, సరిపోయింది. ఒకసారి ఉత్సాహం కొద్దీ ముందువి సగందాకా బిగించి చూశాను. వరుస గతుకుల మీద స్ప్రింగ్ తిరిగి సాగేలోపే ఇంకో గతుకు వచ్చేది, కారు కిందికి కిందికి కూరుకుపోయినట్టయ్యేది. అదే సాయంత్రం వెనక్కి తిప్పేశాను. కంపెనీ స్ప్రింగులకి ఆ బిగువు వద్దు.

నచ్చనివీ ఉన్నాయి. ఖరీదు ఎక్కువ. అప్పట్లో నాలుగూ కలిపి 600 డాలర్లు దాటాయి, బంప్ స్టాపులు, పై రబ్బర్లు వేరే. వెనకవి సర్దాలంటే ప్రతిసారీ డిక్కీ లైనింగ్ తీయాలి. ఊళ్లో పనులకీ ఆఫీసుకీ మాత్రమే తిరిగే కారైతే కేవైబీ ఎక్సెల్-జీ షాక్స్ వేసుకోండి, అవి ఇంతకన్నా బాగా చవక, మీకు తేడా పెద్దగా తెలియదు. కారు ఎత్తు తగ్గించి గట్టి స్ప్రింగులు వేద్దామనుకుంటే మాత్రం కోనీ తీసుకోండి, బిగించుకునే చోటు అప్పుడు పనికొస్తుంది.

పోయిన నెల చక్రాలు తీసి చూశాను. నాలుగు కడ్డీలూ తుడిచినట్టు పొడిగా ఉన్నాయి. ముందు కుడి వైపు దుమ్ము తొడుగు మాత్రం అంచు దగ్గర చిరిగింది, దానికి ఆర్డర్ పెట్టాను. ఫోటో పంపితే నాన్న చూసి ఒకటే అడిగారు, బోల్టులకి గ్రీజు రాశావా అని. రాశాను.