ఇరుక్కున్న కారు తాళానికి గ్రాఫైట్ పొడి: మూడేళ్లు వాడాక

నాది పదకొండేళ్ల పాత పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు. వారంలో ఐదు రోజులు నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోయి వస్తాను. అక్కడ రైస్ మిల్లుల పక్కనే బండి పెట్టాలి. వరి కోతల సీజన్‌లో అద్దం దించితే చాలు, సాయంత్రానికి డ్యాష్‌బోర్డు నిండా ఊక దుమ్మే. తాళం పెట్టే రంధ్రంలోకీ అదే పోతుంది.

తాళం బిగుసుకుంటోందని ఒకసారి కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేశాను. పదిహేను రోజులు హాయిగా తిరిగింది. తర్వాత నూనెకు దుమ్ము పట్టి ముద్దయింది. ఒక రాత్రి ఇంటికి బయల్దేరే ముందు ఏదో మరిచిపోయానని ఇంజన్ ఆపితే, తాళం ఏసీసీ (ఇంజన్ ఆగినా రేడియో లాంటివి నడిచే స్థానం) దగ్గరే ఆగిపోయింది. వెనక్కి తిరగదు, బయటికి రాదు. అలా వదిలేస్తే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుందని టెన్షన్. పది నంబర్ స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, బస్సెక్కి ఇంటికొచ్చాను.

పొద్దున తాళాలు బాగుచేసే పెద్దాయనను తీసుకెళ్లాను. నేను గట్టిగా లాగబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. "గుంజకు బిడ్డా, ఇరిగితే సగం లోపట్నే ఉంటది" అన్నాడు. లోపల స్ప్రింగుల మీద చిన్న ఇత్తడి పలకలు ఉంటాయట. తాళం పళ్లను బట్టి అవన్నీ సరైన ఎత్తుకు రావాలి, ఒక్కటి సగంలో అతుక్కున్నా అంతే. కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు భాగాలు శుభ్రం చేసే స్ప్రే) కొట్టి, తాళాన్ని కొంచెం లోపలికి నొక్కి మెల్లగా కదిలిస్తూ తిప్పాడు. ఊడొచ్చింది. రంధ్రం ఆరాక గ్రాఫైట్ పొడి, అంటే పెన్సిల్ ములుకులో ఉండే నల్లటి పదార్థం పొడి, ఊదాడు.

అప్పటి నుంచి నాలుగు నెలలకోసారి నేనే ఊదుతున్నాను. పొడిగా ఉంటుంది కాబట్టి దుమ్మును పట్టుకోదు. మొదటి రెండు రోజులు వేళ్లకు నల్లగా అంటుతుంది, తాళం తుడుచుకుంటే సరిపోతుంది. రెండు చిన్న ఊదులే, ఎక్కువ వద్దు. గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది, రంధ్రం వెనకాలే ఇంజన్ స్విచ్ ఉంటుంది, పొడి అక్కడికి చేరితే షార్ట్ కావచ్చు. పాత నూనె కడగకుండా మాత్రం వేయకండి, బురదైపోతుంది.

పోయిన ఎండాకాలం మళ్లీ ఇరుక్కుంది. పొడి వేసినా లాభం లేదు. చివరికి బీరువాలోని స్పేర్ తాళం పెట్టి చూస్తే మొదటిసారికే తిరిగింది. రోజూ వాడే తాళం పళ్లు అరిగిపోయాయి! డూప్లికేట్ కూడా ఆ స్పేర్ నుంచే కోయించాను, అరిగినదాని నుంచి కోస్తే ఆ అరుగుదలే వస్తుంది.

ఇంకో రెండు సందర్భాల్లో పొడికి పనే లేదు. చక్రం రాయికి ఒత్తుకుని స్టీరింగ్ లాక్ పడితే తాళం తిరగదు. స్టీరింగ్‌ను అటూ ఇటూ కదుపుతూ తిప్పాలి. మా బావది ఆటోమేటిక్. గేరు పూర్తిగా పార్కింగ్‌లో పడకపోతే దాని తాళం రాదు. ఒకరోజు అర్ధగంట తంటాలు పడి నాకు ఫోన్ చేశాడు. గేరును ఇంకొంచెం ముందుకు నెట్టమన్నాను, వచ్చేసింది.