పాత టిల్లరు పొగ కక్కుతోంది: రింగులా, లైనరు సెట్టా, చైనా ఇంజినా?

ఒడిశాలో పర్లాకిమిడి నుంచి కాశీనగరం మీదుగా గుణుపురం దాకా వంశధార పక్క పల్లపు మడుల్లో ఎక్కడ చూసినా టిల్లరు దమ్మే. వాటిలో పదిహేను, ఇరవై ఏళ్ళ బళ్ళు తక్కువేం కాదు. ఉభాలు (నాట్లు) దగ్గర పడగానే ఒక్కొక్కటీ మొరాయిస్తుంది. హ్యాండిల్ ఎంత తిప్పినా అందుకోదు, అందుకున్నా నీలం పొగ. షెడ్డుకి తోసుకెళ్తే మెకానిక్ ఓసారి తిప్పి చూసి, "దీని పని అయిపోనాది బాబూ, ఇంజిన్ దించాల" అంటాడు. అక్కడి నుంచి మూడు దారులు: పిస్టన్ రింగులు మార్చి వాల్వులు రుద్దించే హాఫ్ పని; లైనరు (పిస్టన్ ఆడే సిలిండరు గొట్టం), పిస్టన్‌తో ఫుల్ పని, లేదా ఇంజినే తీసేసి మరో ఇంజిన్ కూర్చోబెట్టడం.

దించే ముందు ఊళ్ళోనే తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. నల్ల పొగ అయితే ఇంజిన్ జోలికి పోవద్దు. ఎయిర్ క్లీనర్ మూసుకుపోయిందేమో, నాజిల్ (డీజిల్ చిమ్మే మొన) కారుతోందేమో చూడండి. తెల్ల పొగతో స్టార్టు కాకపోతే డీజిల్ సరిగ్గా మండటం లేదన్నమాట. అప్పుడు ఫిల్టరు దగ్గర బోల్టు వదులు చేసి గాలి తీసి, నాజిల్ చప్పుడు వినండి. నీలం పొగ మాత్రమే ఆయిల్ మండే పొగ.

తర్వాత కంప్రెషన్. డీకంప్రెషన్ లివరు (హ్యాండిల్ తేలిగ్గా తిరగడానికి వాల్వు తెరిచి పట్టేది) వదిలేసి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పితే అది ఎదురు తన్నాలి. మెత్తగా తిరిగిపోతే గాలి ఎటో పోతోంది. ఎటు పోతోందో తెలియాలంటే ఇన్‌టేక్ వైపు నుంచి ఒక్క చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి, లివరు ఎత్తి కొన్ని చుట్లు తిప్పి, మళ్ళీ చూడాలి. తన్ను తిరిగొస్తే రింగులు, లైనరు వైపు లోపం. రాకపోతే వాల్వులైనా, హెడ్ గ్యాస్కెట్టు (సిలిండరుకి, హెడ్‌కి మధ్య సీలు) అయినా పోయినట్టు. టిల్లరు ఇంజిన్ సిలిండరు అడ్డంగా పడుకుని ఉంటుంది కాబట్టి ఆయిల్ కిందవైపే చేరుతుంది, అందుకే ఆ చుట్లు తిప్పడం. చెంచా దాటి పోయకండి. ఎక్కువైతే పిస్టన్‌కి, హెడ్‌కి మధ్య ఆయిల్ నలిగే చోటు లేక రాడ్డు వంగుతుంది. నీళ్ళు పోసే మూత తీసి ఇంజిన్ నడిపినప్పుడు బుడగలు ఆగకుండా వస్తుంటే గ్యాస్కెట్టే. అది చిన్న ఖర్చు.

లోపం రింగుల వైపే అని తేలిందనుకోండి. హాఫ్ పనికి మొగ్గు చూపనివాళ్ళుండరు, డబ్బు తక్కువ, రెండు రోజుల్లో బండి చేతికొస్తుంది. కానీ రింగు అరిగిందంటే అది రాసుకున్న గోడ కూడా అరిగే ఉంటుంది. ఎంత అరిగిందో చూడటానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. కొత్త రింగొకటి లైనరులో పైన, రింగు ఆడే చోట పెట్టి దాని రెండు కొసల మధ్య గ్యాపు కొలవండి, మళ్ళీ అడుగున పెట్టి కొలవండి. 95 మి.మీ. బోరుకి 0.3, 0.4 మి.మీ. గ్యాపు మామూలు. లైనరు వ్యాసం 0.1 మి.మీ. పెరిగితే గ్యాపు 0.3 మి.మీ. పైనే పెరుగుతుంది, చుట్టుకొలత లెక్క అది. అంటే కొత్త రింగే పైన ఒక మిల్లీమీటరు గ్యాపు చూపిస్తోందంటే లైనరు అక్కడ 0.2 మి.మీ. దాకా తినేసినట్టు. దానికి రింగులు వేయించడం డబ్బు గెడ్డలో పోసినట్టే. పై అంచున గోరు పెట్టి లాగితే మెట్టు తగిలిందా, ఇక మాట్లాడేదే లేదు. కొత్త రింగు అంచు ఆ మెట్టుకి కొట్టుకుని విరుగుతుంది.

ఇక్కడి బళ్ళు ఇంత తొందరగా అరగడానికి కారణం నా లెక్కన దమ్ము కాదు, వేసవి దుక్కి. పొడి నేలలో రోటావేటరు దుమ్ము లేపుతుంటే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్లో ఆయిల్ ఉందో లేదో చూసేవాడుండడు. కాబట్టి హాఫ్ పని ఎవరికి మేలంటే, మెట్టు లేనివాళ్ళకి, వాల్వు సీట్లే పోయినవాళ్ళకి. అలాంటి బళ్ళు తక్కువ.

ఫుల్ పనిలో ఖర్చు ఎక్కువే, అయినా నా ఓటు దీనికే. లైనరు, పిస్టన్, రింగులు ఒకే సెట్టుగా కొనండి, విడివిడిగా వద్దు. 13 హెచ్‌పీ శక్తి 130 డీఐ లాంటి బళ్ళకి విడిభాగాలు దొరకడం కష్టం కాదు. కామ్కో కూడా అంతే. క్రాంకు (పిస్టన్ రాడ్డు తిప్పే ఇరుసు) గ్రైండింగ్‌కి బరంపురమో శ్రీకాకుళమో పంపాలి. అక్కడ 0.25 మి.మీ. పట్టిందా, 0.50 పట్టిందా అని అడిగి, దానికి తగ్గ బేరింగులే తీసుకోవాలి. లైనరు దింపేటప్పుడు దగ్గరుండండి. అది కూర్చునే అంచున పాత తుప్పు, మసి మిగిలితే లైనరు ఒక పక్కకి లేచి కూర్చుంటుంది, హెడ్ గ్యాస్కెట్టు నెల తిరక్కుండా పోతుంది. రబ్బరు రింగు మెలి తిరిగినా అంతే. నీళ్ళు ఆయిల్లోకి దిగి డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలలా తెల్లగా కనిపిస్తుంది. తక్కువ ధరకి వచ్చే డూప్లికేట్ సెట్లు ఆ సీజన్ గట్టెక్కిస్తాయి, అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు.

మూడో దారి చైనా ఇంజిన్. మన షెడ్లలో దీని మాటే ఎక్కువ, సెకండ్‌హ్యాండు ఎస్195 దొరికితే పని ఒక్క రోజులో అయిపోతుందని. ఇంజిన్ చెడ్డదని నేననను. 95 బోరు, 115 స్ట్రోకు, 12 హెచ్‌పీ, ఒకే అచ్చులో ఎన్నో ఫ్యాక్టరీలు చేసినది. చిక్కు బండితో దానికి కుదరకపోవడంలో ఉంది. శక్తి ఇంజిన్ 2400 ఆర్‌పీఎం, ఎస్195 అయితే 2000. పాత పుల్లీతోనే బిగిస్తే చక్రం, రోటావేటరు రెండూ ఆరో వంతు నెమ్మదిస్తాయి, దమ్ము ముద్దలు ముద్దలుగా మిగులుతుంది. ఇంజిన్ పుల్లీ వ్యాసం 1.2 రెట్లు పెంచాలి, అప్పుడు బెల్టుల పొడవూ మారుతుంది. ఛాసిస్‌కి కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేయాలి. ముందు బరువు కూడా పెరుగుతుంది. కాశీనగరం పల్లంలో అదేమంత తేడా కాదు. మహేంద్రగిరి వైపు వాలు పొలాల్లో మాత్రం ఆలోచించాలి. దిగుడులో టిల్లరు ఎడమ స్టీరింగు క్లచ్చి పడితే బండి కుడికి తిరుగుతుందని అలవాటున్నవాళ్ళకి తెలుసు. ఆ తిరుగుడుకి ముందు బరువు తోడైతే పట్టడం కష్టం. దీనికి తోడు 2020 జూలైలో కేంద్రం పవర్ టిల్లర్ల మీద, వాటి ఇంజిన్, గేరుబాక్సు లాంటి భాగాల మీద దిగుమతి ఆంక్షలు పెట్టింది. మీటరు లేని పాత ఇంజిన్ ఎంత నడిచిందో చెప్పేవాడెవరు? బ్యాంకు అప్పు తీరని బండైతే కాగితాల్లో ఇంజిన్ నంబరు తేడా అదనపు తలనొప్పి. నీటి పంపుకో, కల్లంలో నూర్పులకో అయితే ఎస్195 భేషుగ్గా పనికొస్తుంది. టిల్లరు మీద మాత్రం నేను పెట్టించను.

అయితే ఈ మూడింటిలో దేనికి డబ్బు పెట్టాలన్నా ముందు గేరుబాక్సు ఆయిల్ దింపి చూడండి. మా వైపు ఇంజిన్ గురించి గంటలు మాట్లాడతారు, గేరుబాక్సు డ్రెయిన్ బోల్టు మాత్రం ఎవరూ విప్పరు. దమ్ములో యాక్సిల్ సీళ్ళు అరిగితే బురద నీరు లోపలికి పోతుంది. ఆయిల్ తెల్లబడిందంటే సీళ్ళు మార్చాలి, అదేమంత ఖర్చు కాదు. ఆయిల్లో అయస్కాంతం తిప్పితే ఇనుప రవ్వ ముద్దగా అంటుకుందా, గేరు పళ్ళు, బేరింగులు పోతున్నాయి. అలాంటి బండికి ఫుల్ ఇంజిన్ పని చేయించడం దండగ, మంచి ఇంజిన్ చెడ్డ గేరుబాక్సుని ఇంకా తొందరగా తినేస్తుంది.

ఆ బళ్ళకి కొత్తదే దారి. కేంద్రం వ్యవసాయ యంత్రాల పథకం స్మామ్‌లో టిల్లరుకి 40 నుంచి 50 శాతం రాయితీ ఉంది. చిన్న, సన్నకారు రైతులకి, ఎస్సీ, ఎస్టీలకి, ఆడవాళ్ళకి ఎక్కువ వంతు. ఒడిశాలో దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, భూమి కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో ముందే సరిచూసుకోవాలి. ఉభాల ముందు దరఖాస్తు పెట్టి ఉభాలకే బండి రావాలంటే కుదరదు, ఆ ఏటికి దమ్ము అద్దె టిల్లరుతోనే.