విశాఖ ఉప్పుగాలిలో పాయింట్ టూ టూ తూటాలు: పన్నెండేళ్ల వాడకం మీద నా అంచనా

బోర్లా పడుకుని 50 మీటర్ల దూరాన ఉన్న లక్ష్యాన్ని పాయింట్ టూ టూ రైఫిల్‌తో కాల్చే క్రీడలో నేను 2012 నుంచి ఉన్నాను. ఇంతకాలంలో నా ఆన్‌షుట్జ్ 1907 రైఫిల్‌లో ఏడు రకాల తూటాలు వాడాను. వాటిలో మూడు రకాలను వేల సంఖ్యలో కాల్చాను. షూటింగ్ రేంజ్‌కు కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "మాస్టారూ, ఏ కంపెనీ తూటాలు కొనమంటారు?" అన్నదే. ఒక పేరు చెప్పి పంపించడం సులువే గాని, అది వారికి మేలు చేసే జవాబు కాదని నా నమ్మకం. తూటా వేగం, అది ఏ లాట్‌కు (ఒకే విడతలో తయారైన తూటాల మూటకు) చెందింది, మన ఊరి ఉక్కపోతలో దాన్ని ఎలా దాచాం అన్న మూడు సంగతులూ పెట్టె మీది పేరు కంటే నా స్కోరును ఎక్కువగా మార్చాయి.

కొందరు .17 హెచ్‌ఎంఆర్ గురించి కూడా అడుగుతుంటారు. పొలాలను తవ్విపోసే నేల ఉడుతల వంటి చిన్న జంతువులను దృష్టిలో పెట్టుకుని హార్నడీ సంస్థ అమెరికాలో 2002లో తెచ్చిన తూటా అది; 1959 నాటి .22 మాగ్నమ్ ఇత్తడి తొడుగు మెడను సన్నం చేసి రూపొందించారు. 17 గ్రెయిన్ల (సుమారు 1.1 గ్రాముల) గుండును సెకనుకు సుమారు 777 మీటర్ల వేగంతో పంపుతుంది, 100 మీటర్ల వరకు దాదాపు చదునుగా పోతుంది. అయితే 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో పాయింట్ టూ టూ, అంటే 5.6 మిల్లీమీటర్ల లాంగ్ రైఫిల్ తూటాకు తప్ప మరి దేనికీ చోటు లేదు. ఇక మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు వేట మాటే లేదు. పంట పాడుచేసే అడవి పందినైనా అధికారుల అనుమతి లేకుండా కాల్చకూడదు. కనుక మనకు మిగిలిన ఎంపిక అంతా 1887లో పుట్టిన ఆ పాత లాంగ్ రైఫిల్ తూటా రకాల మధ్యనే.

నేను మొదట రైఫిల్ పట్టింది ఎన్‌సీసీలో, కాలేజీ రోజుల్లో. అప్పట్లో శిక్షణ ఇచ్చే ఉస్తాద్ గారు చేతిలో పెట్టిన తూటా ఏ రకమో చూసే ఆలోచన కూడా ఎవరికీ ఉండేది కాదు. తర్వాత సొంత లైసెన్సు వచ్చాక, వేగంగా పోయేదే మంచిదనుకుని, సెకనుకు 375 మీటర్లకు పైగా వేగం ఉండే హై వెలాసిటీ తూటాలతో సాధన మొదలుపెట్టాను. ఏడాది పాటు నా గుండ్లు లక్ష్యం మీద చెల్లాచెదురుగా పడుతుంటే ఊపిరి పట్టడంలో, ట్రిగ్గర్ నొక్కడంలో లోపం వెతుక్కున్నాను. అసలు కారణం వేరే ఉంది. మన ఊళ్లో 30 డిగ్రీల ఎండలో శబ్దం సెకనుకు దాదాపు 349 మీటర్ల వేగంతో పోతుంది. హై వెలాసిటీ గుండు ఆ హద్దుకు పైన బయలుదేరి, లక్ష్యాన్ని చేరేలోపే ఆ హద్దు దగ్గరికి దిగజారుతుంది. శబ్ద వేగానికి దగ్గరపడిన చోట గాలి నిరోధం పెరిగి గుండు నిలకడ చెడుతుంది. సుమారు 330 మీటర్ల వేగంతో బయలుదేరే స్టాండర్డ్ వెలాసిటీ గుండుకు ఆ గండమే లేదు, పైగా వెచ్చటి గాలి ఉన్న మన ఊళ్లో దానికి ఆ హద్దు మరికాస్త దూరంలో ఉంటుంది.

గాలి విషయం నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. కొండ వాలున ఉన్న మా రేంజ్‌లో పొద్దున్న నిశ్చలంగా ఉన్న జెండాలు, పదకొండు దాటేసరికి సముద్రపు గాలికి ఊగడం మొదలుపెడతాయి. ఆ గాలిని గెలవాలంటే వేగంగా పోయే గుండే కావాలని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే పక్కగాలి గుండును నెట్టేది అది గాలిలో గడిపిన మొత్తం సమయాన్ని బట్టి కాదు, గాలి నిరోధం వల్ల దానికి అదనంగా పట్టిన సమయాన్ని బట్టి. హై వెలాసిటీ గుండు తన వేగాన్ని గాలి నిరోధానికి త్వరత్వరగా పోగొట్టుకుంటుంది కాబట్టి, దూరాన చేరేసరికి అదే నెమ్మది గుండు కంటే ఎక్కువ పక్కకు జరుగుతుంది. ఒకే ఉదయం రెండు రకాలనూ మార్చి మార్చి కాల్చి నేను దీన్ని కళ్లారా చూశాను. ఆ రోజు నుంచి హై వెలాసిటీ పెట్టెను పోటీ కోసం ముట్టుకోలేదు.

వేగం ఎంతన్నది ఒక ఎత్తు, తూటాకూ తూటాకూ మధ్య అది ఎంత సమంగా ఉందన్నది మరొక ఎత్తు. 50 మీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, అక్కడి నుంచి ఒక్కో పాయింటు తగ్గడానికి 8 మిల్లీమీటర్ల దూరం. 330 మీటర్ల వేగంతో బయలుదేరిన గుండు ఆ దూరంలో దాదాపు 12 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. అదే పెట్టెలోని మరో తూటా సెకనుకు 10 మీటర్లు నెమ్మదిగా ఉంటే, ఆ గుండు ఇంకో 7 మిల్లీమీటర్లకు పైగా కింద పడుతుంది. అంటే మనిషి చేయి అణువంత కూడా కదలకపోయినా, దాదాపు ఒక పాయింటు తూటాయే తినేస్తుంది. పోటీల కోసం చేసే ఖరీదైన మ్యాచ్ తూటాలకు మనం చెల్లించే అదనపు డబ్బంతా ఈ సమత్వం కోసమే. గుండ్లు అడ్డంగా కాక నిలువుగా చెదురుతుంటే ముందుగా తూటాను అనుమానించాలని నేను కొత్తవారికి చెబుతుంటాను.

అయితే ఖరీదు ఒక్కటే చాలదు. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర ఉన్న తూటాలు కూడా లాట్ మారితే వేరే తూటాల్లా ప్రవర్తిస్తాయి. నిప్పు రాజేసే మిశ్రమంలోనో గుండు మీది మైనం పూతలోనో కంటికి కనపడని తేడా ఉంటుంది, ఒక్కో బ్యారెల్ దానికి ఒక్కోలా స్పందిస్తుంది. అగ్రశ్రేణి క్రీడాకారులు తమ రైఫిల్‌ను తయారీదారుల పరీక్షా కేంద్రాలకే తీసుకెళ్లి, లాట్లు వరసగా కాల్చి చూసి నచ్చినదాన్ని కొనుక్కునేది ఇందుకే. మనకు ఆ వీలు లేదు. విదేశీ మ్యాచ్ తూటాలు అర్హత ఉన్నవారికి జాతీయ రైఫిల్ సంఘం ద్వారా వచ్చే దేశంలో, వచ్చిన లాట్‌తోనే సర్దుకోవడం మన అలవాటు. అందుకని నేను చేసే పని ఒకటే: దొరికిన ప్రతి కొత్త లాట్ నుంచి ముందు రెండు పెట్టెలు తెచ్చుకుంటాను. మొదటి పదిహేను తూటాలను లెక్కలోకి తీసుకోను, ఎందుకంటే బ్యారెల్ లోపల పాత తూటా మైనం పోయి కొత్త మైనం పట్టడానికి అన్ని పడతాయి. ఆ తర్వాత చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో చూడడానికి పదేసి తూటాలతో నాలుగు గ్రూపులు, గాలి లేచేలోపు, రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి కాలుస్తాను. ఐదేసి తూటాల గ్రూపులు నన్ను చాలాసార్లు మోసం చేశాయి; పది కాల్చేసరికి నిజం బయటపడుతుంది.

ఈ పద్ధతిలో నా బ్యారెల్‌కు బాగా కుదిరినవి రెండు. నిత్య సాధనకు ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్ వాడుతున్నాను. జర్మనీలోని షోనెబెక్‌లో లాపువా తూటాలు తయారయ్యే కర్మాగారంలోనే ఇదీ తయారవుతుంది. దాని ధరకు అది ఇచ్చే సమత్వం నాకు ఎంతో తృప్తినిచ్చింది. పోటీలకు ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్50 వాడుతున్నాను. అంతే ఖరీదు, అంతే పేరు ఉన్న మరో మ్యాచ్ తూటా నా రైఫిల్‌లో సాధన తూటాను మించలేదు. అదే తూటాతో నా పక్క లేన్‌లోని మిత్రుడు చిల్లు మీద చిల్లు పడేలా కాలుస్తాడు. కనుక నా ఎంపికను చూసి ఎవరూ అదే కొనవద్దని మనవి.

ఇక మన ఊరి వాతావరణం. ఈ తూటాల గుండు మీద పలచని మైనం పూత ఉంటుంది. మే నెలలో పెట్టెను ఎండలో ఉంచితే ఆ మైనం మెత్తబడి ఇసుక రేణువులను అంటించుకుంటుంది. ఆ రేణువులు నేరుగా బ్యారెల్‌లోకి పోతాయి. పైగా వేడెక్కిన మందు వేగంగా మండి గుండు పైకి పడుతుంది. ఒక ఏడాది వేసవిలో పోటీ మధ్యలో నా గుండ్లన్నీ ఒక్కసారిగా పైకి జరిగినప్పుడు, పెట్టె మీదకు ఎండ ఎప్పుడు వచ్చిందో గమనించుకోలేదు. ఇప్పుడు తెల్లటి గుడ్డ కప్పిన చెక్క దిమ్మలో తూటాలు పెట్టుకుని, మ్యాట్‌కు నీడ ఉన్న వైపునే ఉంచుతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా ఇంటి కిటికీ రెక్కలు ఊడిపోయి, తూటాలున్న ఇనుప అల్మరాలోకి నీరు చేరింది. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఇల్లంతా తేమ. నెల తర్వాత చూస్తే ఇత్తడి తొడుగుల అంచుల్లో పచ్చటి చిలుము పట్టింది. ఇలాంటి రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు రాజేసే మిశ్రమం ఆ అంచు లోపలే ఉంటుంది కాబట్టి, వాటిని కాల్చే సాహసం చేయకుండా లెక్క రాసి నిబంధనల ప్రకారం అప్పగించాను. అప్పటి నుంచి రబ్బరు పట్టీ ఉన్న మూత గల డబ్బాలో, సిలికా జెల్ సంచులతో, తాళం వేసి దాస్తున్నాను. సంచులను రెండు నెలలకొకసారి మారుస్తాను. తర్వాత ఒక్క తొడుగు కూడా రంగు మారలేదు.

తూటా పేలకపోతే రైఫిల్ మొనను లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగాలన్న నియమాన్ని మాత్రం ఏ రకం తూటాతోనైనా పాటించాలి. మంచి మ్యాచ్ తూటాల్లో ఇది నాకు చాలా అరుదుగా ఎదురైంది.

ప్రస్తుత ఆర్50 లాట్‌లో నా దగ్గర నాలుగు పెట్టెలు మిగిలాయి. వాటిని వచ్చే పోటీకి పక్కన పెట్టాను. కొత్త లాట్ రెండు పెట్టెలు వచ్చి ఉన్నాయి. డిసెంబరులో గాలి లేని ఒక ఉదయం చూసుకుని, ఆ పదిహేను తూటాలతో మొదలుపెట్టాలి.