పటం ఎవరు గీశారో తేల్చడానికి ఏది మేలు: పాత కాగితమా, నిపుణుడి చూపా, పటాన్ని శుభ్రం చేయడమా?

న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో నడిచి వెళ్లేంత దూరంలో రెండు మ్యూజియంలు ఉన్నాయి. ఫ్రిక్‌లో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పేరుతో ఉన్న 'పోలిష్ రౌతు', మెట్రోపాలిటన్‌లో స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ పేరుతో ఉన్న ఓ మగమనిషి పటం. రెండూ 17వ శతాబ్దపు బరోక్ (అప్పటి యూరప్ కళాశైలి) చిత్రాలే. ఇది నిజంగా ఆ పేరున్న చిత్రకారుడి చేతి పనేనా అన్న వాదం రెంటి మీదా నడిచింది.

కాగితాల విషయంలో, అంటే పటం ఎవరి చేతుల్లో ఉందో చెప్పే పాత ఉత్తరాలూ దస్తావేజుల్లో, రౌతుది పైచేయి. 1791లో ప్రభువంశీకుడు మిహౌ ఓగిన్‌స్కీ దాన్ని పోలండ్ రాజుకు పంపుతూ రాసిన ఉత్తరం ఉంది. రెంబ్రాంట్ గుర్రమెక్కించిన కొసాక్కును (తూర్పు యూరప్ గుర్రపు యోధుణ్ని) పంపుతున్నాననీ, తన దగ్గరున్నన్నాళ్లూ ఆ గుర్రం 420 గుల్డెన్ల మేత మేసిందనీ, ఆ లెక్కకు తగ్గట్టు నారింజ చెట్లు ఇప్పించమనీ అడిగాడు. ఎంత ముచ్చటైన ఉత్తరమో! అప్పటి నుంచి, 1910లో ఆ మ్యూజియానికి పేరిచ్చిన హెన్రీ ఫ్రిక్ కొనేదాకా, పటం ఎవరెవరి దగ్గర ఉందో తెలుసు. కానీ బొమ్మ 1655 ప్రాంతపుది. మొదటి వందేళ్లకు పైగా కాలానికి కాగితమే లేదు. అందుకే 1984లో కళా చరిత్రకారుడు యోసువా బ్రాయిన్ కేవలం తన కంటిని నమ్మి, ఇది శిష్యుడు విల్లెం డ్రోస్ట్‌ది కావచ్చన్నాడు. మరో రెంబ్రాంట్ నిపుణుడు ఎర్నెస్ట్ వాన్ డి వెటెరింగ్ కూడా చూసే చెప్పాడు: చాలా భాగం రెంబ్రాంట్‌దే, కొన్నిచోట్ల వేరే చెయ్యి పడింది. ఇద్దరూ దిట్టలే, తీర్పులు మాత్రం వేరు.

మెట్రోపాలిటన్ పటాన్ని 1926లో బ్యాంకరు జూల్స్ బేచ్ 11,25,000 డాలర్లకు కొన్నాడు. 1949లో అది మ్యూజియానికి చేరింది. 1979లో మ్యూజియమే దాన్ని వెలాస్కెజ్ శిష్యుల ఖాతాలో వేసింది. పసుపెక్కిన వార్నిష్, పాత మరమ్మతు రంగులు అసలు పనిని కప్పేశాయి. 2009లో మ్యూజియం పటాల సంరక్షకుడు మైకేల్ గ్యాలగర్ వాటిని తీసేశాక బూడిదరంగు నేపథ్యం తేటపడింది, ముఖం మీద తడబాటు లేని కుంచె గీతలు బయటపడ్డాయి. వెలాస్కెజ్‌ను జీవితమంతా చదివిన జొనాథన్ బ్రౌన్ ఇది ఆయనదేనన్నాడు.

నా ఓటు ముందు శుభ్రం చేయడానికే. మురికి పట్టిన పటాన్ని చూసి ఎంత గొప్ప కన్నయినా పొరబడుతుంది. రెండోది కన్ను, అదీ ఒకరిది కాదు, ఇద్దరు ముగ్గురిది. కాగితం విలువ వేరేచోట ఉంది: నాజీలు లాక్కున్న పటాలను వారసులు తిరిగి అడగగలిగేది దాని బలంతోనే. గీసిన చెయ్యి ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం దాన్ని మూడోదిగానే పెడతాను.