చూరు మీద హీట్ కేబుల్: ఐదు చలికాలాలు వాడాక

అమెరికాలోని మినియాపొలిస్ శివార్లలో 1980ల్లో కట్టిన ఇల్లు మాది. కొన్నాక వచ్చిన మొదటి చలికాలమే, ఒక పొద్దున, పిల్లల గది సీలింగ్ మీద పళ్ళెమంత టీ రంగు మరక కనిపించింది. బయట చూరు నుంచి మర్రి ఊడల్లా మంచు వేలాడుతోంది. పిల్లలు అది చూసి మురిసిపోయారు. నాకు మాత్రం టెన్షన్.

దీన్నే ఇక్కడ ఐస్ డ్యామ్ అంటారు. ఇంట్లోని వేడి గాలి ఆటిక్‌లోకి, అంటే సీలింగ్‌కీ పైకప్పుకీ మధ్య ఉండే ఖాళీలోకి, చేరి కప్పును వెచ్చబరుస్తుంది. పైనున్న మంచు అడుగు నుంచి కరిగి కిందికి జారుతుంది. చూరు కింద గది ఉండదు కాబట్టి అక్కడ చల్లగా ఉంటుంది. నీళ్ళు అక్కడికి రాగానే గడ్డకట్టి గట్టులా లేస్తాయి. దాని వెనక నీళ్ళు నిలుస్తాయి. షింగిల్స్ (కప్పు మీద పరిచే పలకలు) జారే నీటిని ఆపుతాయి గానీ నిలిచిన నీటిని ఆపలేవు.

2020లో మంచు మొదలవకముందే మంచును కరిగించే 100 అడుగుల హీట్ కేబుల్, అంటే కరెంటుతో వేడెక్కే తీగ, వేయించాం. చలిని బట్టి తనే వేడి పెంచుకుని, తగ్గించుకునే రకం. అడుగుకు 5 నుంచి 8 వాట్లు, అంటే రోజంతా వేసి ఉంచితే 12 నుంచి 19 యూనిట్లు. చూరు మీద వంకరటింకరగా, గట్టర్ (చూరు నీళ్ళు పట్టే తొట్టి) పొడుగునా, డౌన్‌స్పౌట్ (ఆ నీళ్ళు కిందికి దిగే పైపు) చివరిదాకా వేయాలి. ఆ చివరి ముక్క వదిలేస్తే కరిగిన నీళ్ళు పైపులోనే గడ్డకడతాయి. జీఎఫ్‌సీఐ పాయింట్, అంటే కరెంటు లీకైతే తనే ఆపేసే ప్లగ్ పాయింట్, తప్పనిసరి. అది ట్రిప్ అయిందేమో అప్పుడప్పుడూ చూసుకోవాలి. ఓసారి సంక్రాంతికి స్నేహితుల ఊరెళ్ళి వచ్చేసరికి అది ఆగిపోయి ఉంది.

మొదటి రెండేళ్ళు బాగానే పనిచేసింది. 2022–23లో ట్విన్ సిటీస్‌లో (మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో) దాదాపు 90 అంగుళాల మంచు పడింది. అప్పుడు కేబుల్ చుట్టూ మూడు వేళ్ళు పట్టే సొరంగాలు ఏర్పడ్డాయి గానీ, దానికి పైన మళ్ళీ గట్టు కట్టింది. ఈసారి హాల్లోకి నీళ్ళు దిగాయి. మావారు సుత్తి తీసుకుంటే, షింగిల్స్ పగిలిపోతాయని పక్కింటాయన ఆపారు. ఆవిరితో కరిగించేవాళ్ళను పిలిచాం. గంట లెక్కన వాళ్ళకిచ్చింది కేబుల్ ఖరీదును మించిపోయింది.

కేబుల్ ఒక్కటి చాలని మాకు చెప్పిన కాంట్రాక్టర్ ఆటిక్‌లోకి తొంగి కూడా చూడలేదు. ఆ బాధ నాకింకా ఉంది. తర్వాత ఇల్లు పరీక్షించడానికి వచ్చినావిడతో నేనూ నిచ్చెనెక్కాను. పిల్లల బాత్రూమ్ ఫ్యాన్ పైపు ఊడిపోయి, స్నానాల ఆవిరంతా నేరుగా ఆటిక్‌లోకి పోతోంది. పైన చెక్కలోంచి దిగిన మేకుల మొనలకు పంచదార పలుకుల్లా మంచు పట్టింది. ఆ మరక ఎందుకు పిల్లల గదిలోనే వచ్చిందో అప్పుడర్థమైంది.

ఆ పైపు బిగించి బయటికి పెట్టించాం. లైట్ల చుట్టూ, గోడల పైఅంచుల్లో, ఆటిక్ మూత దగ్గర ఉన్న సందులన్నీ మూయించాం. ఆ తర్వాతే వేడిని ఆపేందుకు ఆటిక్ నేల మీద ఆరంగుళాలున్న ఇన్సులేషన్‌ను 14 అంగుళాలకు, అంటే ఆర్-49కి (వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత) పెంచాం. సందులు మూయకుండా ఇన్సులేషన్ మాత్రం పోయించుకోకండి, గాలి అందులోంచి కూడా పైకి పోతుంది. చూరు కింద గాలి లోపలికొచ్చే రంధ్రాలకు ఇన్సులేషన్ అడ్డుపడకుండా కూడా చూడండి.

తర్వాతి రెండు చలికాలాలూ మంచు తక్కువే, కాబట్టి పూర్తి పరీక్ష జరిగిందనను. కానీ మంచు పడిన మర్నాడు రోడ్డు మీద నుంచుని చూస్తే తేడా తెలుస్తోంది. ఇదివరకు బాత్రూమ్ పైన కప్పు నల్లగా బయటపడేది, ఇప్పుడు అంతటా మంచు ఒకే మందంగా ఉంటోంది. ఎక్కువ పడితే నేల మీద నుంచే, కరెంటు తీగలకు దూరంగా, రూఫ్ రేక్‌తో (పొడుగాటి కర్రకు పలక ఉన్న పనిముట్టు) చూరు దగ్గర మూడు నాలుగు అడుగుల మేర లాగేస్తాం.

కేబుల్‌కు ఐదుకు మూడిస్తాను. ఉత్తరం వైపు రెండు కప్పులు కలిసే మూలలో ఎండ తగలదు, అక్కడ ఇప్పటికీ అదే ఆదుకుంటోంది. ఇది పాడైతే ఆ మూలకు సరిపడా 30 అడుగులే కొంటాను.